రాగి పలక మీద కోను

వించిపేటలో ఏ ఇంట పెళ్లి కుదిరినా ముందు షాదీఖానా మాట్లాడుకునేవారు, ఆ వెంటనే జుబియాకి ఫోను చేసేవారు. పెళ్లికూతుళ్లకి మెహందీ పెట్టడంలో వన్‌టౌన్ మొత్తానికి ఆమెకి పేరుంది. సన్నటి మనిషి, ముప్పై తొమ్మిదేళ్లు, మాట తక్కువ. కోను చేతిలోకి తీసుకుని మణికట్టు దగ్గర గీత మొదలుపెట్టిందంటే మోచేతి దాకా ఎక్కడా ఆగకుండా, ఎక్కడా లావెక్కకుండా లాక్కుపోయేది. చుట్టూ కూచున్న ఆడవాళ్లు కబుర్లు మానేసి చూసేవారు.

ఆమె వెంట ఎప్పుడూ చెల్లెలు అర్ఫా ఉండేది. అక్క కంటే పదేళ్లు చిన్న. అక్క మాట్లాడని మాటలన్నీ కూడా తనే మాట్లాడేది. పెళ్లికూతురి కుడిచెయ్యి జుబియాది, ఎడమచెయ్యి అర్ఫాది. చెరో పక్కా కూచుని ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగించేవారు. పక్క సందులో వాళ్లమ్మ అన్వరీ దగ్గరే అర్ఫా ఉండేది. పెళ్లి మాటెత్తితే నవ్వేసేది. "రోజుకొకరి పెళ్లి చూస్తున్నాగా ఆపా, మళ్లీ నాకొకటెందుకు?"

జుబియాకి ఇంకో వ్యాపకం ఉండేది. దాని సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎక్కువమందికి తెలీదు.

ఆమె భర్త యాసిన్‌కి కాళేశ్వరరావు మార్కెట్ వెనక మైకుసెట్లు, యాంప్లిఫయర్లు బాగుచేసే షాపుంది. పెళ్లయిన కొత్తలో పామర్రు నించి ఒకాయన పాత యాంప్లిఫయరు ఒకటి తెచ్చాడు. లోపల బోర్డు ఒక మూల కాలి బొగ్గయిపోయింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త బోర్డు దొరకదు. సరే ఇంట్లోనే చేద్దామని యాసిన్ కూచున్నాడు.

అదేమంత పెద్ద విద్య కాదు, ఓపిక కావాలంతే. ఏ రేడియో మూత విప్పినా లోపల ఒక పలక ఉంటుంది. ఒక పక్క పార్టులు, రెండో పక్క వాటిని కలిపే రాగి గీతలు. ఇంట్లో చేసుకోవాలంటే ఒక పక్కంతా రాగి అతికించిన పలక కొనుక్కొచ్చి, ఏ గీతలు మిగలాలో వాటి మీద రంగు వెయ్యాలి. ఆరాక ఫెర్రిక్ క్లోరైడ్ కలిపిన నీళ్లలో వేసి ఊపుతూ ఉంటే, రంగు కింది రాగి నిలుస్తుంది. మిగతా రాగంతా కరిగిపోతుంది.

యాసిన్ మార్కర్ పెన్నుతో గీతలు గీశాడు. నీళ్లలో వెయ్యగానే గీతలు అక్కడక్కడా తెగిపోయాయి. ఇంకో పలక తీశాడు. అదీ అంతే. జుబియా గుమ్మంలో కూచుని చిక్కుడుకాయలు తుంపుతూ చూస్తోంది.

"చెయ్యి వణుకుతోందండీ మీకు," అంది.

"వణకదా మరి, పొద్దున్నించీ ఇదే పని."

"ఇలా తెండి."

గేటుకి వెయ్యగా మిగిలిన నల్ల పెయింటు డబ్బా అటక మీద ఉంటే దింపింది. మెహందీకి చుట్టుకునే ప్లాస్టిక్ కాగితంతోనే కోను చుట్టి అందులో పెయింటు పోసింది. మొదటిసారి చిక్కగా ఉండి రాలేదు. గట్టిగా నొక్కితే ముద్దగా పడింది. టర్పెంటైన్ ఎక్కువ పోస్తే పాకిపోయింది. మూడో రోజుకి పాకం కుదిరింది. ఇడ్లీ పిండి కంటే కాస్త పలచన, అంది యాసిన్‌తో. ఆ సాయంత్రం ప్లాస్టిక్ ట్రేలో, డికాషన్ రంగు నీళ్లలో పలక ఊగుతుంటే ఇద్దరూ చెరో పక్కా గొంతుక్కూచుని చూశారు. అరగంటకి అంచుల దగ్గర రాగి మాయమవడం మొదలైంది. కడిగి, టర్పెంటైన్ గుడ్డతో నలుపు తుడిచేసరికి గీతలన్నీ తోమిన చెంబులా మెరిశాయి.

యాసిన్ దాన్ని లైటుకేసి పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఒక్కటీ తెగలేదు జుబియా."

ఆ యాంప్లిఫయరు బాగుపడి పామర్రు వెళ్లిపోయింది. జుబియాకి మాత్రం ఆ పని పట్టుకుంది. యాసిన్ దగ్గరున్న పాత ఎలక్ట్రానిక్స్ పత్రికలు ముందేసుకుని సర్క్యూట్ బొమ్మలు చదవడం నేర్చుకుంది. పార్టుల వైపు నించి ఒకలా ఉండే గీతలు రాగి వైపు తిప్పితే తిరగబడతాయని తెలియక మొదట్లో మూడు పలకలు పాడుచేసింది. తర్వాత చెయ్యి తిరిగింది. మధ్యాహ్నం నమాజయ్యాక డాబా మీద రేకుల నీడలో కూచునేది. పనికొచ్చేవీ పనికిరానివీ చాలా చేసింది. తలుపు గంటలు, చిన్న రేడియోలు, చప్పట్లు కొడితే వెలిగే దీపం. ఇవాళారేపు ఫోన్లో ఆర్డరు పెడితే మిషను చేసిన బోర్డులు ఇంటికే వస్తాయి. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా తన పలకలు తనే గీసుకునేది.

ట్రే ఊపడం అర్ఫా వంతు. ఊరికే కూచోలేదు కాబట్టి ఆ పని దానికి సరిపోయింది. ఒకసారి నీళ్ల ట్యాంకు నిండితే పిట్టలా కూసే బోర్డు చేశారు. పక్కింటి ట్యాంకుకి కూడా ఒకటి పెట్టారు. అప్పణ్ణించి ఆ రెండు డాబాల మీదా పొద్దున్నే ఒకదాని తర్వాత ఒకటి కూస్తుంటే అర్ఫా పడీపడీ నవ్వేది. "రాగికి కూడా మెహందీ పెట్టేశావు ఆపా. ఇంక ఇత్తడి ఒక్కటే మిగిలింది."

కిందటేడు ఫిబ్రవరిలో ఒక బుధవారం అక్కాచెల్లెళ్లిద్దరూ మంగళగిరిలో ఒక పెళ్లికూతురికి మెహందీ పెట్టి తిరిగొస్తున్నారు. మధ్యాహ్నం మూడయింది. వారధి మీద వెనక నించి వచ్చిన లారీ ఆటోని తోసేసింది. ఆటో ఎడమ వైపుకి పడిపోయింది. గాలి తగులుతుందని అర్ఫా ఎప్పుడూ ఎడమ పక్కనే కూచునేది. ఆటో పడ్డప్పుడు జుబియా వెళ్లి చెల్లెలి మీద పడింది. అందుకని ఆమెకి మోచెయ్యి గీరుకోవడం తప్ప ఏమీ కాలేదు.

ఆసుపత్రిలో డాక్టరు బయటికొచ్చి చెప్పినప్పుడు జుబియా ఆయన మాట మొత్తం విని, "దాని చెప్పులు ఎక్కడున్నాయండీ?" అని అడిగింది. ఆయనకి అర్థం కాలేదు. ఆమె మళ్లీ అడిగింది. ఒక చెప్పు వారధి మీద ఉండిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు.

ఇంటినిండా ఆడవాళ్లు. అన్వరీ స్పృహ తప్పుతోంది, లేస్తోంది, మళ్లీ తప్పుతోంది. జుబియా ఆమె మొహాన నీళ్లు చల్లింది. వచ్చినవాళ్లకి చాపలు పరిచింది. అర్ఫా జనాజా లేచేటప్పుడు గోడకి ఆనుకుని నిలబడి చూసింది. పక్కింట్లో టీవీలో ఏదో అవుతున్నట్టుంది తప్ప, అది తన ఇంట్లో జరుగుతున్నట్టు అనిపించలేదు. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూసింది కూడా.

"ఆ పిల్లని ఏడిపించండమ్మా," అని పెద్దవాళ్లు చెప్పారు. అర్ఫా చిన్నప్పటి కబుర్లు ఆమె ముందు కూచుని కావాలని చెప్పారు. జుబియా తల ఊపుతూ విన్నది. ఒకావిడ తేదీ తప్పు చెబితే సరిదిద్దింది. నలభయ్యో రోజు ఫాతెహా కూడా అయిపోయింది.

ఏప్రిల్లో తారాపేటలో ఒక పెళ్లి. ఆరునెలల కిందటే ఒప్పుకున్నది. వద్దులే అని యాసిన్ అన్నాడు గానీ, మాటిచ్చానుగా అని జుబియా బయల్దేరింది. పెళ్లికూతురి ముందు కూచుని కుడిచెయ్యి తీసుకుంది. గీత ఎప్పట్లాగే తెగకుండా నడిచింది. అరచేతిలో మామిడిపిందెలు, వేళ్లకి జాలీలు. రెండు గంటల్లో ముగించి, కోను పక్కన పెట్టి, గోడకి చేరబడింది.

అందరూ చూస్తున్నారు. పెళ్లికూతురు కాసేపు ఆగి, మెల్లిగా ఎడమచెయ్యి చాపింది.

జుబియా ఆ చేతికేసి చూసింది. అప్పుడు ముందుకి జరిగి అదీ పెట్టింది. బాగానే పెట్టింది, ఎవరూ వంక పెట్టలేదు. ఇంటికొచ్చి కోన్లూ పొడీ నూనె సీసా అన్నీ ఒక సంచిలో కట్టి అటక మీద పెట్టేసింది. ఆ తర్వాత ఎవరు ఫోను చేసినా, "ఇప్పుడు పెట్టడం లేదండీ," అని చెప్పేది. ఆ మాట కూడా మామూలుగానే, ఇవాళ పాలు అయిపోయాయండీ అన్నట్టు.

ఇక మిగిలింది బోర్డులు. ఇదివరకు ఏదో ఒకటి పనిచేయించడానికి చేసేది. ఇప్పుడు అదీ లేదు. పత్రికలో ఏ పేజీ తెరుచుకుంటే ఆ బొమ్మ గీసేది. నీళ్లలో వేసి, ట్రే తనే ఊపుకుని, కడిగి, తుడిచి, ఎండబెట్టేది. బెజ్జాలు వెయ్యదు, పార్టులు పెట్టదు. మళ్లీ ఇంకో పలక. గాంధీనగర్ వెళ్లినప్పుడల్లా యాసిన్ అడక్కుండానే పలకలు తెచ్చి మెట్ల మీద పెట్టేవాడు. పూర్తయినవాటిని షాపుకి పట్టుకెళ్లి, అల్మరాలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచేవాడు.

"ఎందుకయ్యా దానికవి తెచ్చిస్తావు?" అని అన్వరీ అల్లుణ్ణి నిలదీసింది. "ఆ ఆసిడ్ నీళ్ల ముందు కూచుని రాయిలాగా అయిపోతోంది నా కూతురు."

"కూచోనివ్వండి అమ్మీ. కూచునే చోటు అదొక్కటే ఉంది."

జూన్లో ఒక రోజు పలకని ట్రేలో వేసి జుబియా అలా చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపో ఆమెకి తెలీదు. సాయంత్రం అసర్ అజాన్ వినిపించి తీసి చూస్తే, రంగు అంచుల కింద కూడా నీళ్లు తినేసి, గీతలన్నీ పోయాయి. ఉత్త పలక. ఇదివరకైతే తనని తాను తిట్టుకునేది. ఇప్పుడు దాన్ని కూడా కడిగి, తుడిచి, మిగతావాటి పక్కన ఆరబెట్టింది. గ్లౌజులు వేసుకోవడం మర్చిపోయిందేమో, ఆమె వేళ్లు పసుపూ గోధుమా కలిసిన రంగులోకి తిరిగాయి. వారం దాకా పోలేదు. అన్నం కలుపుకుంటున్నప్పుడు చూసి, ఇది నా చెయ్యే, అనుకునేది.

ఆ రోజుల్లోనే ఒకసారి, ఇద్దరూ టీ తాగుతుంటే, యాసిన్‌తో ఉన్నట్టుండి, "నేను దాని మీద పడ్డానండి," అంది.

యాసిన్ గ్లాసు కింద పెట్టాడు. "తెలుసు."

"బరువు పడింది కదా దాని మీద."

అతను ముందుకి వంగి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె పట్టుకోనిచ్చింది. "టీ చల్లారిపోతోంది," అంది.

జూలైలో మైలవరం దగ్గర ఒక పాలిటెక్నిక్ కాలేజీ నించి శ్రీదుర్గ అనే ఎలక్ట్రానిక్స్ లెక్చరరు యాసిన్ షాపుకి వచ్చింది. కాలేజీ మైకుసెట్టు పాడైంది. యాసిన్ దాన్ని విప్పుతుంటే ఆవిడ అల్మరాలోని బోర్డులు చూసింది. ఒకటి తీసింది, ఇంకోటి తీసింది.

"ఇవి ఎవరు చేశారండీ? ప్రింటింగ్ కాదే ఇది. చేత్తో గీసినవి."

"మా ఆవిడండి. కోనుతో గీస్తుంది."

"కోనంటే?"

"మెహందీ కోనండి."

శ్రీదుర్గ ఆ సాయంత్రమే వించిపేట ఇంటికొచ్చింది. తమ పిల్లలు కంప్యూటర్లో బోర్డు గీస్తారు గానీ, రాగి ఎలా కరుగుతుందో కళ్లారా చూసినవాళ్లు క్లాసులో ఒక్కరు కూడా లేరని చెప్పి, ఒక్క రోజు వచ్చి చూపించమని అడిగింది. జుబియా సరేనంది. కాదంటే ఎందుకో చెప్పాల్సి వస్తుంది. సరేనంటే ఏమీ చెప్పక్కర్లేదు.

ఆగస్టు మొదటి గురువారం పలకలూ, పెయింటూ, ట్రే సంచిలో పెట్టుకుని మైలవరం బస్సెక్కింది. ల్యాబులో ఇరవైమంది పైగా ఆడపిల్లలు. జుబియా ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. గిన్నెలు తోమే స్టీలు పీచుతో రాగిని రుద్దింది. "ఇలా మెరిసేదాకా రుద్దాలి. తర్వాత వేలు తగలకూడదు. జిడ్డు ఉంటే రంగు నిలవదు." కోను తీసుకుని గీసింది. పిల్లలు ఫోన్లు తీసి వీడియోలు పట్టారు.

శాలిని అని రెండో సంవత్సరం పిల్ల, ట్రే ఊపే పని తీసుకుంది. చలాకీది.

"మేడమ్, ఆన్‌లైన్లో పెడితే మిషనే చేసి పంపించేస్తుంది కదా. చేత్తో ఎందుకు?"

జుబియా ఆలోచించింది. "తెలీదమ్మా. మా ఇంట్లో కూడా అందరూ అదే అడుగుతారు."

పిల్లలు నవ్వారు.

"ఎవరు నేర్పించారు మేడమ్ మీకు?"

"కోను పట్టడం మా అమ్మ నేర్పింది. కరెంటు సంగతులు మా ఆయన. ట్రే ఊపేది మా చెల్లెలు."

"ఆవిణ్ణి కూడా తీసుకురావాల్సింది."

"చనిపోయింది," అంది జుబియా. "ఫిబ్రవరిలో. ఆటో పడిపోయింది, నేను తన మీద పడ్డాను."

ఈ ఆర్నెల్లలో చనిపోయింది అన్న మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు, అందరికీ తెలిసిందే.  శ్రీదుర్గ కుర్చీలోంచి లేచింది. శాలిని ఏం చెయ్యాలో తెలియక ట్రే మాత్రం ఊపుతూనే ఉంది. చివరికి గొంతు తగ్గించి, "మేడమ్, రాగి పోయినట్టుంది. తీసెయ్యనా?" అంది.

జుబియా వంగి చూసింది. "ఆ మూల ఇంకా ఉంది. రెండు నిమిషాలు ఊపు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూచుని, ఇప్పుడేమైనా వస్తుందేమో అని చూసింది. ఏమీ రాలేదు. కొండపల్లి దగ్గర జామకాయలు అమ్ముతుంటే ఒకటి కొనుక్కుని, ఉప్పూకారం రాయించుకుని తింది.

కాలేజీ వాళ్లు ప్రతి గురువారం రమ్మన్నారు. ఒప్పుకుంది. పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు. పిల్లలకి పెయింటు పాకం కుదర్చడం, ఫెర్రిక్ క్లోరైడ్‌ని నీళ్లలో కొద్దికొద్దిగా వెయ్యడం, చిన్న డ్రిల్లుతో బెజ్జాలు వెయ్యడం చూపించేది. ఒకటీ అరా బోర్డులు పనిచేశాయి కూడా. దీపం వెలిగితే పిల్లలు కేకలు వేసేవారు. జుబియా పక్కన నిలబడి, అతుకు గట్టిగా ఉందో లేదో చూసేది. వాళ్ల సంతోషం ఆమెకి కనపడేది, దగ్గరికి మాత్రం వచ్చేది కాదు.

అన్వరీ ఒక గురువారం పొద్దున దువా చదివి ఆమె నెత్తిన ఊది, "వెళ్లు బేటీ, వెళ్లు. ఎక్కడికైనా వెళ్లు," అంది.

నవంబరు చివర్లో ఒక గురువారం జుబియా ల్యాబులోకి వెళ్లేసరికి శాలిని అప్పటికే పలక గీసేసి ట్రేలో వేసింది. మేడమ్ మెచ్చుకుంటారని తొందరపడింది. పలక రుద్దలేదు. రంగు కింద జిడ్డుంది. పది నిమిషాల్లో గీతలు పొరలు పొరలుగా లేచి నీళ్లలో తేలాయి.

"రుద్దావా?" అంది జుబియా.

"అంటే... కొత్త పలకే కదా మేడమ్ అని..."

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? మొదటి రోజు చెప్పానా లేదా? అందరికంటే ముందు నేర్చుకున్నావు, నువ్వే ఇలా చేస్తే మిగతావాళ్లకి నేనేం చెప్పుకోవాలి? వీడియోలు తీసుకోవడానికా మీరు ఇక్కడికొచ్చేది?"

గొంతు లేచిపోయింది. కారిడార్లో వెళ్లేవాళ్లు ఆగి లోపలికి తొంగి చూశారు. శాలిని కళ్ల నిండా నీళ్లు తిరిగి, మొహం చున్నీలో దాచుకుని ఏడ్చింది. జుబియా ఆ పాడైన పలకని చేత్తో పట్టుకుని నిలబడింది. చెవులు వేడెక్కాయి. గుండె దడదడ కొట్టుకుంటోంది. 

బస్సు ఇబ్రహీంపట్నం దాటేదాకా ఆ దడ తగ్గలేదు. ఇదేమిటి, ఒంట్లో బాలేదా అనుకుంది. నుదురు తాకి చూసుకుంది. కాసేపటికి తెలిసింది, కోపం వచ్చింది. ఒక పలక గురించి, ఒక పిల్ల నిర్లక్ష్యం గురించి, నిజంగానే కోపం వచ్చింది. చాలా రోజులైంది అది వచ్చి.

మెహందీ సంచి ఇప్పటికీ అటక మీదే ఉంది. పెళ్లిళ్లకి పిలిస్తే జుబియా వెళ్లదు. ఏడ్చిందా అంటే, ఇంతవరకూ ఏడవలేదు. రోజుల్లో ఎక్కువ భాగం ఆమెకి ఇంకా అలాగే, ఉప్పు లేని కూరలాగే వెళ్లిపోతుంది. ఆ సాయంత్రం మాత్రం బస్టాండులో దిగి, ఇంటికి కాకుండా నేరుగా షాపుకి నడిచింది. యాసిన్ ఏదో స్పీకరు ముందు కూచుని ఉన్నాడు. ఆమె ఆ వేళప్పుడు షాపుకి వచ్చి చాలా నెలలైంది.

"ఇవాళ ఒక పిల్లని తిట్టానండి," అంది.

యాసిన్ సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టాడు. "నువ్వా?"

"గట్టిగా. అందరి ముందూ. ఏడ్చింది."

"ఏం చేసిందేమిటి?"

"రాగి రుద్దకుండా రంగు వేసింది."

"మరి అది తప్పేగా."

"తప్పే. కానీ అంతలా తిట్టక్కర్లేదు." స్టూలు లాక్కుని కూచుంది. చెప్పులు విడిచి పాదాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. "వచ్చే గురువారం ముందు బస్సుకి వెళ్తాను. క్లాసు మొదలవకముందే దాన్ని పక్కన కూచోబెట్టుకుని మళ్లీ చేయించాలి."

"ఎన్నింటికి ఆ బస్సు?"

"ఆరున్నరకి."

"అయితే ఆ రోజు టిఫిను నేను చేస్తాలే," అన్నాడు యాసిన్. మళ్లీ స్పీకరు ముందుకి లాక్కుని, "ఆకలేస్తోందా?" అని అడిగాడు.

జుబియా ఒక్క క్షణం ఆలోచించింది. "వేస్తోంది," అంది.